పన్నెండు పెట్టెలు, ఒకే జత తీగ

గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్మే హేచరీ యజమానురాలు మా షాపుకి స్వయంగా రావడం అదే మొదటిసారి. అంతకుముందు ఆవిడ దగ్గర నుంచి పాడైపోయిన టెంపరేచర్ కంట్రోలర్లు మాత్రమే వచ్చేవి. డ్రైవరు తెచ్చి బల్ల మీద పెట్టి, బాగైనవి పట్టుకుపోయేవాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆవిడే కారు దిగి లోపలికి వచ్చి, చేతిలో ఉన్న కంట్రోలర్‌ని నా ముందు పెట్టారు.

"వీటిని బాగుచేసేది నువ్వేనా అమ్మాయ్?"

"ఆయ్, నేనేనండి."

"మీ ఆయన చేస్తున్నాడనుకున్నాను ఇన్నాళ్లూ."

"ఆయన వైరింగ్ చూస్తారండి. బోర్డులు నేను చూస్తాను."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అరవై దగ్గర పడ్డ మనిషి, నేత చీర, చేతికి పెద్ద వాచీ. సామర్లకోట స్టేషను రోడ్డులో ఉండే మా షాపు అంత చిన్నదని ఆవిడ ఊహించి ఉండరు. అటూ ఇటూ చూసి, గోడకి ఆనించి ఉన్న పాత టీవీల మీద చూపు ఆపారు.

అవి మా మంచి రోజుల గుర్తులు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. పెళ్లయ్యాక నేనూ మా ఆయనా కలిసి టీవీ రిపేర్ల షాపు పెట్టాం. పిక్చర్ ట్యూబు టీవీలు ఉన్నంతకాలం మాకు తీరిక లేదు. గోడకి తగిలించే టీవీలు వచ్చాక, పాడైతే పారేసి కొత్తది కొనుక్కోవడం మొదలైంది. స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్లు చూసుకుంటూ నెట్టుకొచ్చాం. నాకు నలభై దాటాక, మధ్యాహ్నాలు షాపులో జనం లేనప్పుడు ఫోనులో వీడియోలు చూస్తూ మైక్రోకంట్రోలర్లు నేర్చుకున్నాను. మైక్రోకంట్రోలర్ అంటే గోరంత చిప్పు. అందులోకి మనం రాసిన ప్రోగ్రాం ఎక్కిస్తే, మనం చెప్పినట్టు నడుచుకుంటుంది. మొదట మా ఇంటి వాటర్ ట్యాంకు నిండగానే మోటారు ఆగేటట్టు చేశాను. తరవాత వీధిలో నాలుగిళ్లకి చేశాను. అంతవరకే నా అనుభవం.

"నా దగ్గర పన్నెండు మెషిన్లున్నాయి" అని మొదలుపెట్టారు ఆవిడ. "ఒక్కోటీ ఒక గదంత ఉంటుంది. గుడ్లు పెట్టి తలుపేస్తే, పిల్ల బయటికొచ్చేదాకా లోపల వేడి ఫారెన్‌హీట్‌లో తొంభై తొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి. తేమ కూడా అంతే. మా వాళ్లు గంటకోసారి అన్ని మెషిన్ల దగ్గరికీ తిరిగి చూసుకుంటారు. మొన్న ఎండాకాలంలో ఏమైందంటే, మనిషి చూసి ఇటు తిరిగాడో లేదో, అటు ఒక మెషిన్లో వేడి ఎక్కేసింది. మళ్లీ చూసేసరికి అంతా అయిపోయింది. ఆ మెషిన్ తెరిచిన రోజు నేను అన్నం తినలేదు."

తను తెచ్చిన కంట్రోలర్‌ని వేలితో తట్టారు.

"పన్నెండు మెషిన్ల సంగతీ నా ఆఫీసు గదిలో ఒకే స్క్రీన్ మీద కనపడాలి. ఎక్కడ తేడా వచ్చినా వెంటనే సైరన్ మోగాలి. సిటీ కంపెనీ వాళ్లు పాత కంట్రోలర్లన్నీ పీకేసి కొత్తవి పెట్టాలంటున్నారు. నువ్వు బాగుచేసినవి శుభ్రంగా పనిచేస్తుంటే నేనెందుకు పీకాలి? నువ్వు చెయ్యగలవా?"

మా ఆయన మూల స్టూలెక్కి ఫ్యాను బిగిస్తున్నారు. స్క్రూడ్రైవర్ తిప్పడం ఆపి నా వైపు చూశారు. ఆ చూపులో "ఆలోచించుకుని చెప్పు" అని ఉంది. నా నోరు ఆలోచించలేదు.

"చేస్తానండి" అన్నాను.

ఆవిడ వెళ్లాక మా ఆయన స్టూలు దిగి, "ఎలాగే?" అన్నారు.

"ఇంకా తెలీదండి" అన్నాను.

కానీ నాలుగు రోజుల్లో దారి తేలింది. పాత కంట్రోలర్ల జోలికి పోకూడదు. ఒక్కో మెషిన్ పక్కన ఒక చిన్న పెట్టె పెట్టాలి. అందులో ఒక చిప్పు. మెషిన్ లోపలికి ఒక సెన్సరు. వేడీ తేమా కనిపెట్టి ఆఫీసుకి చెప్పడం ఒక్కటే దాని పని. గోడలన్నీ రేకూ ఇనుమూ కాబట్టి గాల్లో సిగ్నల్ నమ్మలేం. పన్నెండు పెట్టెలకీ పన్నెండు తీగలు ఆఫీసు దాకా లాగితే అదో అడవి. అందుకని ఒకే జత తీగ వేసి, అన్ని పెట్టెలూ దాని మీదే మాట్లాడుకోవాలని నిర్ణయించాను.

అక్కడే ఉంది చిక్కు. ఒకే తీగ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అర్థం కాదు. కాబట్టి ఆఫీసులో ఉన్న పెట్టె మాత్రమే ముందు నోరు తెరవాలి. అది ఏ నంబరు పిలిస్తే ఆ నంబరు పెట్టె ఒక్కటే జవాబు చెప్పాలి. మిగతావి విని ఊరుకోవాలి. మా నాన్నగారు లూథరన్ మిషన్ బడిలో మాస్టారు. పొద్దున్నే ఆయన హాజరు పిలవడం చూస్తూ పెరిగాను కాబట్టి మా ఆయనకి అలాగే చెప్పాను. నంబరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనాలి, పిలవకపోతే నోరెత్తకూడదు.

"పక్కవాడి నంబరుకి పలికితే?"

"బెత్తం దెబ్బే" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ప్రశ్న వేళాకోళం కాదని తరవాత తెలిసొచ్చింది.

జవాబు ఎలా ఉండాలో కూడా రాసుకున్నాను. ముందు పెట్టె నంబరు, తరవాత వేడి, తరవాత తేమ, చిట్టచివర సరిచూసుకునే అంకె ఒకటి. ముందు పంపిన అంకెలన్నీ కూడితే ఎంత వస్తుందో అదే ఆ చివరి అంకె. ఆఫీసు పెట్టె తనూ కూడి చూసుకుని, లెక్క కుదిరితేనే నమ్ముతుంది. కుదరకపోతే ఆ జవాబుని పారేసి మళ్లీ అడుగుతుంది. ఇంకో నియమం కూడా ఉంది. పెట్టె మాట్లాడబోయేముందు తీగను తన చేతిలోకి తీసుకోవాలి, మాట్లాడడం అయిపోగానే వదిలెయ్యాలి. వదలకపోతే ఇంకెవరికీ మాట్లాడే వీలుండదు.

మొదటి మూడు బోర్డులూ ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టాను. ఆ వారమంతా మా ఇంట్లో భోజనాలు కింద కూర్చునే. ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మా అత్తగారు ఆ బోర్డుల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఉన్నారు.

"ప్రభువా, ఈ డబ్బాలకి నోరియ్యి తండ్రీ. మా పిల్ల రాత్రింబగళ్లూ వీటితో మాట్లాడుతోంది, ఇవి పలకట్లేదు" అని ప్రార్థన చేస్తున్నారు.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అదే రోజు సాయంత్రం మూడు బోర్డులూ పలికాయి. ఒక్కో బోర్డుకీ చిన్న డిస్‌ప్లే తగిలించి, తను ఏం పంపిందో పంపిన వెంటనే దాని మీద చూపించేటట్టు రాశాను. అక్కడ కనపడ్డదీ, ఆఫీసు పెట్టెగా పెట్టుకున్న ఇంకో బోర్డు మీద కనపడ్డదీ ఒకటే. మా ఆయన బజారుకెళ్లి కాజాలు తెచ్చారు.

హేచరీలో అడుగు పెట్టాలంటే ముందు మందు కలిపిన నీళ్లలో కాళ్లు తడుపుకోవాలి, తరవాత వాళ్లిచ్చిన చెప్పులు వేసుకోవాలి. లోపల వెచ్చగా, తేమగా ఉంటుంది. మందుల వాసనకి కళ్లు మండుతాయి. పొడుగాటి వరండాకి రెండు వైపులా మెషిన్లు, వాటి ఫ్యాన్ల హోరు. అక్కడి మేనేజరు గారు పశువైద్యం చదువుకున్న మనిషి, నాకన్నా చిన్నవాడు. ప్రతి మాటా తూచి మాట్లాడతారు.

"మేడమ్, సోమవారం కొత్త గుడ్లు వస్తాయండి. లోడు ఎక్కించేశాక ఇక్కడ ఎవరూ తిరగడానికి వీల్లేదు. ఆ లోపు పూర్తయిపోతే సరి. లేకపోతే మనం పాత పద్ధతిలోనే వెళ్లిపోదామండి" అన్నారు.

న్యాయమైన మాటే. కాదనడానికి ఏమీ లేదు.

మా ఆయన తీగలు లాగారు. నేను పెట్టెలు బిగించాను. గురువారం మధ్యాహ్నం ఆఫీసు గదిలో స్క్రీన్ పెట్టి స్విచ్చి వేశాను. వెనకాల యజమానురాలు, మేనేజరు గారు నిలబడ్డారు. పన్నెండు గళ్లలో మూడింట్లో మాత్రం అంకెలు వచ్చాయి. మిగతా వాటిలో గీతలు. ఆ వచ్చిన మూడింట్లో కూడా రెండే నిలకడగా ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్కటీ, అంటే నాలుగో నంబరు గడిలో, సెన్సరు తీగ నేనే వదులుగా బిగించడం వల్ల, నూట తొంభై డిగ్రీలని పడింది.

"ఏంటమ్మాయ్, నాలుగో మెషిన్లో అన్నం వండుతున్నామా?" అన్నారు ఆవిడ.

మేనేజరు గారు నవ్వకుండా స్క్రీన్ వంకే చూస్తున్నారు. ఆయన నవ్వి ఉంటేనే బాగుండేదనిపించింది.

సెన్సరు తీగ బిగించడం నిమిషాల పని. తరవాత ఒక్కో పెట్టెనీ విడిగా పరీక్షించుకుంటూ వెళ్తే మొదటి దొంగ దొరికాడు. రెండు పెట్టెలకి ఒకే నంబరు. ప్రోగ్రాం ఒక దాన్నుంచి ఇంకో దానికి ఎక్కించేటప్పుడు ఐదుని ఆరుగా మార్చడం మర్చిపోయాను. ఐదుని పిలిస్తే ఇద్దరూ కలిసి పలుకుతున్నారు. మా ఆయన అడిగిన ప్రశ్నే ఎదురైంది. అది మార్చాక ఇంకో రెండు గళ్లు నిండాయి. మిగతావి కుదరలేదు, ఒక నిమిషం కనపడి మరో నిమిషం పోతున్నాయి.

రెండో దొంగ పైకప్పు మీద ఉన్నాడు. మా ఆయన ఇంటి వైరింగ్ చేసినట్టు, ఆఫీసు దగ్గర తీగలన్నీ కలిపే జంక్షన్ ఒకటి పెట్టి అక్కణ్నుంచి ఒక్కో మెషిన్‌కీ విడిగా తీగ లాగారు. చూడ్డానికి ఎంతో పొందికగా ఉంది. కానీ ఈ రకం తీగకి అది పనికిరాదు. రైలు పట్టా స్టేషన్ తరవాత స్టేషన్ తాకుతూ పోయినట్టు, ఒకే జత తీగ మొదటి మెషిన్ నుంచి పన్నెండో దాకా వరసగా పోవాలి. రెండు చివర్లలోనూ సిగ్నల్‌ని వెనక్కి రానివ్వని చిన్న రెసిస్టర్ కట్టాలి. కొమ్మలు కొమ్మలుగా లాగితే పంపిన సిగ్నల్ ప్రతి కొమ్మ చివర నుంచీ తిరిగొచ్చి, అసలు మాటని పాడుచేస్తుంది. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. తీగ లాగేటప్పుడు నేను పెట్టెల హడావిడిలో ఉన్నాను.

రెండు రోజులు మెడ పైకెత్తి చేసిన పని. ఎలా చెప్పాలో తెలియక మా ఆయన టీ తాగేదాకా ఆగాను.

"ఏవండీ, తీగ మార్చాలండి."

"ఏ మెషిన్‌ది?"

"అన్నిటిదీ."

ఆయన గ్లాసు కింద పెట్టి, పైకప్పు వంక కాసేపు చూశారు. తరవాత లేచి నిచ్చెన భుజానికెత్తుకున్నారు.

"ఎక్కడ మొదలెట్టాలో చెప్పు" అన్నారు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నాతో అన్న మాటల్లో నాకు అంత ఇష్టమైనది ఇంకోటి లేదు.

శుక్రవారమంతా ఆయన కొత్తగా తీగ లాగారు. శనివారం నేను ప్రోగ్రాం శుభ్రం చేసుకున్నాను. ఇంట్లో పరీక్షకోసం పెట్టుకున్న డిస్‌ప్లేలు ఇక్కడ అనవసరం. అవి విప్పేసి, వాటికోసం రాసిన వరసలు తీసేసి, పన్నెండు పెట్టెలకీ కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. తీగ సరిగా ఉంది, నంబర్లు సరిగా ఉన్నాయి, ప్రోగ్రాం కడిగిన ముత్యంలా ఉంది. స్విచ్చి వేశాను.

పన్నెండు గళ్లలోనూ గీతలే. అంతకుముందు పలికినవి కూడా పోయాయి.

మా ఆయన మీటరు పట్టుకుని తీగంతా చూసుకుంటూ వెళ్లారు. ఎక్కడా తేడా లేదు. మేనేజరు గారు వచ్చి నా పక్కన నిలబడి, చాలా మర్యాదగా, "పోనీలెండి మేడమ్. మీరు ప్రయత్నం చేశారు. వచ్చే బ్యాచ్‌కి చూద్దామండి" అన్నారు. మంచి మాటలే, కానీ నాకు తలుపు మూసేసినట్టే వినపడ్డాయి.

యజమానురాలు మాత్రం వాచీ చూసుకుని, "ఇవాళ శనివారం. గుడ్లొచ్చేది సోమవారం" అని తన గదిలోకి వెళ్లిపోయారు.

ఇంటికి బయల్దేరేముందు లాప్‌టాప్‌ని తీగకి కలిపి, దాని మీద పోతున్న అంకెలన్నీ ఒక్కొక్కటే చూశాను. ఆఫీసు పెట్టె పిలుస్తోంది. పిలిచిన పెట్టె పలుకుతోంది. నంబరు వస్తోంది, వేడి వస్తోంది, తేమ వస్తోంది. చివర సరిచూసుకునే అంకె మాత్రం రావడం లేదు. కొన్నిసార్లు దాని బదులు రెండు వందల యాభై ఐదు అని చెత్త వస్తోంది. పన్నెండింటిదీ అదే వరస. లెక్క కుదరదు కాబట్టి ఆఫీసు పెట్టె అన్ని జవాబుల్నీ పారేస్తోంది. తీగ పాడైతే ఎక్కడో ఒకచోట పాడవ్వాలి కానీ, ప్రతి జవాబులోనూ చివరి మాటే ఎందుకు పోతుంది? అది తెలియలేదు.

మర్నాడు ఆదివారం. చర్చిలో నేను మా అత్తగారి పక్కన కూర్చున్నాను. కళ్లు పాస్టరు గారి మీదున్నాయి కానీ నా బుర్రంతా ఆ చివరి అంకె దగ్గరే ఉంది. ఆరాధన చివర్లో మా సంఘం సెక్రటరీ గారు ప్రకటనలు చదువుతారు. పెద్దాయన. మైకు చేతికిస్తే ఆయనకి కంగారు. ఆఖరి మాట నోట్లో ఉండగానే మైకు మీట నొక్కేస్తారు. ఏళ్ల తరబడి అంతే కాబట్టి మాకెవరికీ అది వింతగా ఉండదు. ఆ రోజు కూడా ఆయన ప్రకటనలు చదివి, "ప్రభువు మిమ్మల్నందరినీ దీవించును గా..." అన్నారు. టప్ మని మైకు ఆగిపోయింది. "క" ఆయన దగ్గరే ఉండిపోయింది.

నేను పైకే నవ్వేశాను.

ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగారు. మా అత్తగారు నా తొడ మీద గట్టిగా గిల్లి, "ఏమైందే నీకు?" అన్నారు.

"దొరికిందత్తయ్యా" అన్నాను.

నా పెట్టెలు చేస్తున్నదీ అదే. నా ప్రోగ్రాం చివరి అంకెని చిప్పుకి అప్పజెప్పగానే, పంపడం అయిపోయిందనుకుని తీగ వదిలేస్తోంది. అప్పజెప్పడం వేరు, పలికెయ్యడం వేరు. చిప్పు ఆ అంకెని ముక్క ముక్కగా తీగ మీదికి పంపడం అప్పుడే మొదలుపెడుతుంది. ఈలోపే నా ప్రోగ్రాం మైకు మీట నొక్కేస్తోంది. మరి ఇంట్లో బల్ల మీద ఎందుకు పనిచేసింది? పంపాక డిస్‌ప్లే మీద రాయించే వరసలున్నాయి కదా. అవి నడిచేలోపు చిప్పు తీరిగ్గా మాట పూర్తి చేసుకుంది. అనవసరమని నేను తీసేసిన వరసలే అన్నాళ్లూ దాన్ని కాపాడాయి.

ఆశీర్వాదం అవగానే ఇంటికి పరుగు. చీర కూడా మార్చుకోకుండా బల్ల ముందు కూర్చున్నాను. ముందు, డిస్‌ప్లే లేని ప్రోగ్రాం ఇంట్లో మిగిలిన ఒక బోర్డుకి ఎక్కించి చూశాను. హేచరీలో లాగే చివరి అంకె పోయింది. పాడవడం చూసి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు. తరవాత ఒక్క వరస చేర్చాను. ఆఖరి ముక్క కూడా తీగ మీదికి వెళ్లిపోయిందని చిప్పు తనంతట తను చెప్పేదాకా ఆగు, అప్పుడే తీగ వదులు. అంతే. అంకె వచ్చింది. మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లూ వచ్చింది.

"బండి తియ్యండి" అన్నాను మా ఆయనతో.

"అన్నం?"

"వచ్చాక."

"కోడికూర చల్లారిపోద్దర్రా!" అని మా అత్తగారు వీధి గుమ్మం దాకా వచ్చి అరుస్తూనే ఉన్నారు. పెద్దాపురం రోడ్డెక్కేశాం.

హేచరీలో ఆ మధ్యాహ్నం మేనేజరు గారు మెషిన్లు కడిగించే పనిలో ఉన్నారు. పట్టుచీరలో, కాళ్లకి వాళ్ల రబ్బరు చెప్పులతో నన్ను చూసి, "ఏంటండీ మేడమ్, ఆదివారం కూడా?" అన్నారు.

"ఒక్క గంటండి."

మా ఆయన ఆఫీసు గదిలో స్క్రీన్ ముందు కూర్చున్నారు. నేను లాప్‌టాప్ పట్టుకుని మొదటి మెషిన్ దగ్గర స్టూలెక్కి, పెట్టె మూత తీసి కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. మూత పెట్టానో లేదో, ఫ్యాన్ల హోరుని మించి మా ఆయన గొంతు వినపడింది.

"ఒకటి వచ్చిందే!"

రెండో మెషిన్ దగ్గరికి వెళ్లాను.

"రెండు వచ్చింది!"

మూడు. నాలుగు. మా ఆయన గొంతు వరండా ఆ చివర నుంచి ఈ చివరకి వస్తోంది. ఐదు దగ్గర మేనేజరు గారు చేతిలో పైపు పనివాళ్లకిచ్చి ఆఫీసు గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డారు. ఏడు దగ్గర నుంచి ఆయన గొంతు కూడా కలిసింది. అన్ని మాటలూ తూచి మాట్లాడే ఆ మనిషి "ఎనిమిది వచ్చిందండీ! తొమ్మిది కూడానండీ!" అని కేక పెడుతుంటే, కడుగుతున్న వాళ్లందరూ పని ఆపేసి నా వెనకాల మెషిన్ నుంచి మెషిన్‌కి నడవడం మొదలుపెట్టారు. ఒకామె నా స్టూలు మోసింది. ఇంకొకామె నా చీర కుచ్చిళ్లు తడి నేలకి తగలకుండా పట్టుకుంది.

పన్నెండో పెట్టె మూత పెట్టి స్టూలు మీదే నిలబడ్డాను. కేక రాలేదు. అంతలో మా ఆయనే పరిగెత్తుకుంటూ వరండాలోకి వచ్చారు. అరవడానికి గొంతు పోయి, రెండు చేతులూ పైకెత్తి ఊపారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టాలో అక్కడ సగం మందికి తెలియదు. అయినా కొట్టారు.

మేనేజరు గారు థర్మామీటరు తెచ్చి, పన్నెండు మెషిన్లలోనూ పెట్టి, స్క్రీన్ మీది అంకెలతో పోల్చుకుంటూ వచ్చారు. ఎక్కడా ఆయనకి పట్టించుకోవాల్సినంత తేడా రాలేదు. చివరికి నా దగ్గరికొచ్చి, "గుడ్లు ఎక్కించేస్తానండి మేడమ్" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఉండదని నాకు తెలుసు.

అసలు పరీక్ష తరవాత వచ్చింది. గుడ్లు పొదిగే ఇరవై ఒక్క రోజుల్లో సగం గడిచాక, ఒక మధ్యాహ్నం మేనేజరు గారు ఫోను చేశారు. ఆయన గొంతు వెనకాల సైరన్ మోగుతోంది.

"మేడమ్, ఎనిమిదో నంబరు ఎర్రగా వెలుగుతోందండి. వేడి పెరిగిపోతోందని చూపిస్తోంది. మీ పెట్టెలో ఏమైనా పొరపాటేమోనండి?"

పొరపాటై ఉంటుందా? కానీ లెక్క కుదరని జవాబుని ఆ స్క్రీన్ చూపించదు. అది నా చేత్తో రాసిన నియమం.

"పెట్టెలో కాదండి. మెషిన్ తెరవండి. ఇప్పుడే తెరవండి" అన్నాను.

ఫోను కట్ చెయ్యకుండానే ఆయన పరిగెత్తిన చప్పుడు వినపడింది. తలుపు తెరిచిన చప్పుడు. అరుపులు. నేను షాపులో నిలబడి, ఫోను చెవికి అదిమిపెట్టుకుని విన్నాను. కాసేపటికి ఆయన ఊపిరి ఎగబీలుస్తూ లైన్లోకొచ్చారు.

"ఫ్యాను బెల్టు తెగిపోయిందండి. గాలి తిరక్క పై ట్రేల దగ్గర వేడి పట్టేసింది. మా వాళ్లు చూసి వెళ్లి పది నిమిషాలేనండి అయింది. మళ్లీ వచ్చేసరికి..." ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. "కొత్త బెల్టు వేసేశామండి. దిగిపోతోంది. నేను చూస్తున్నాను. దిగిపోతోందండి."

అంకె దిగుతున్నకొద్దీ ఆయన చదువుతూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను. తొంభై తొమ్మిదిన్నర అన్నాకే ఫోను పెట్టేశాను.

పిల్లలు వచ్చే రోజున యజమానురాలు కారు పంపించారు, అత్తగారిని కూడా తీసుకురమ్మని. మేం వెళ్లేసరికి వరండా అంతా కిచకిచలే. ఫ్యాన్ల హోరు కూడా దానిలో మునిగిపోయింది. ఎనిమిదో మెషిన్‌లో పొదిగిన గుడ్ల ట్రేలు మా ముందే బయటికి లాగించారు ఆవిడ. అంచుల దాకా పసుప్పచ్చగా పిల్లలు, పెంకు ముక్కల మధ్య ఒకదాన్నొకటి తొక్కుకుంటూ లేస్తున్నాయి. మేనేజరు గారు ట్రే తరవాత ట్రే చూసుకుంటూ, తల ఊపుకుంటూ, చివరి ట్రే దగ్గర నిఠారుగా నిలబడి యజమానురాలి వైపు చూశారు. "ఏం తేడా లేదండీ, మిగతా వాటితో సమానంగా వచ్చాయి" అన్నారు.

ఆవిడ ముందుకొచ్చారు. ట్రేలోంచి ఒక పిల్లని తీసి నా అరచేతిలో పెట్టారు. ఇంకా ఆరని బొచ్చు, వేడి. నా వేళ్ల మధ్య నుంచి తల బయటికి పెట్టి గట్టిగా అరిచింది. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. బయట వ్యాను వెనక తలుపులు తెరిచి పిల్లల్ని సర్దిన పెట్టెలు ఎక్కిస్తున్నారు. అవి జంగారెడ్డిగూడెం వైపు ఫారాలకి వెళ్లే పిల్లలట.

మా ఆయన నా చెవి దగ్గరికి వంగి ఏదో అన్నారు. ఆ గోలలో ఒక్క ముక్క వినపడలేదు. నేను పిల్లని రెండు చేతులతో పైకెత్తి ఆయనకి చూపించాను.